కోల్డ్ స్టోరేజిలో దుంపా, గడ్డా

ఈ భూమండలం మీద బంగాళాదుంపకు పేరు పెట్టింది మా నానమ్మే. ఆవిడ పుట్టకముందు అది పేరూ ఊరూ లేకుండా మట్టిలో పడి ఉండేది. రాజులంతటి వాళ్ళు కూడా "అదిగో, అదీ... గుండ్రంగా ఉంటుందే, అదీ..." అని చేతులు తిప్పి చూపించి వండించుకునేవారు. మా నానమ్మ పుట్టి, ఉయ్యాల్లోంచి ఒక చెయ్యి బయటపెట్టి "దుంప" అన్నాక గానీ లోకానికి ఊపిరాడలేదు.

ఇది నేను కల్పించిన గొప్ప. కానీ ఆవిడకు చదివి వినిపిస్తే, "ఇందులో అబద్ధం ఎక్కడుందే?" అని అడిగే రకం.

నానమ్మ కోల్డ్ స్టోరేజిలో దుంపలు ఏరే పని చేసేది. పొడవాటి రేకు బల్ల, చుట్టూ అంచు. దాని మీద బస్తా బోర్లిస్తే దుంపలు గడగడా దొర్లుకుంటూ వస్తాయి. బాగున్నది ఒక బుట్టలోకి, గాటు పడ్డది ఇంకో బుట్టలోకి, పచ్చబారినదీ కుళ్ళినదీ కాళ్ళ దగ్గరున్న తొట్టిలోకి. మిగతా ఆడవాళ్ళు కళ్ళతో ఏరేవారు. నానమ్మ ముక్కుతో ఏరేది. మూతి కుట్టిన బస్తా పక్క నుంచి నడిచి వెళ్తూ "దీని కడుపులో ఒకటి చచ్చింది" అనేది. విప్పి చూస్తే ఉండేది. ఆ ముక్కు ఎంత గొప్పదంటే, నేను చాటుగా ఏం తిని వచ్చినా గడప దగ్గరే దొరికిపోయేదాన్ని. అందుకే దాని మీద నాకు మొదటి నుంచీ మంచి అభిప్రాయం లేదు.

బల్లకు అవతలి వైపు, సరిగ్గా ఎదురుగా, మా అమ్మమ్మ. అంటే మా అమ్మకు అమ్మ. వీళ్ళిద్దరూ ఒకే బల్ల మీద పనిచేస్తూ పిల్లలకు పెళ్ళి కుదుర్చుకున్నారు. పెళ్ళి మాటల్లో అన్నీ మాట్లాడుకున్నారు గానీ, బల్ల మీద దొర్లేదాన్ని ఏమనాలో మాత్రం తేల్చుకోలేదు. నానమ్మ వాళ్ళింట్లో అది బంగాళాదుంప. అమ్మమ్మ వాళ్ళింట్లో ఆలుగడ్డ.

రోజూ పని దిగాక గేటు బయట టీ కొట్టు బెంచీ మీద పంచాయితీ. టీ కొట్టు ఆయన్ని అందరూ టీ బాబాయ్ అంటారు. ఆయన రెండు గ్లాసులు బెంచీ మీద పెట్టీ పెట్టకముందే మొదలయ్యేది. తిట్టుకోవడం కూడా ఎంతో మర్యాదగా ఉండేది. వియ్యపురాళ్ళు కదా.

"చూడండి వదినగారూ, బంగాళం నుంచి మనవాళ్ళ దగ్గరికి వచ్చింది కాబట్టి బంగాళాదుంప. ఎక్కడి నుంచి వచ్చిందో పేరులోనే ఉంది. మీ ఆలుగడ్డలో ఏముంది, బూడిద?" అనేది నానమ్మ.

"ఆలు అంటేనే దుంప అండీ. పాతకాలం మాట. మీ బంగాళం పేరు ఎవరూ వినకముందు నుంచీ ఉంది."

"ఓహో. ఆలు అంటే దుంప, గడ్డ అన్నా దుంపే. అంటే మీవాళ్ళు దాన్ని రెండుసార్లు పిలుస్తారన్నమాట. ఒకసారి పిలిస్తే పలకదా?"

"పలుకుతుంది. మీరు పిలిస్తేనే పలకదు. ఊరు పేరు పెట్టి పిలిస్తే ఎవరు మాత్రం పలుకుతారు? మిమ్మల్ని మీ ఊరి పేరు పెట్టి పిలవనా?"

నేను కొత్తగా మాటలు నేర్చినప్పుడు ఒకరు ఈ చెవిలో, ఒకరు ఆ చెవిలో నూరిపోశారట. ఇద్దరి మనసూ నొప్పించకూడదని నేను "ఆలుదుంప" అన్నాను. ఇద్దరూ నాతో మాట్లాడటం మానేశారు.

తర్వాత బడికెళ్ళాను. ఎనిమిదో తరగతి బాగా నచ్చి రెండేళ్ళు చదివాను. ఆ రెండోసారి మాస్టారు చెప్పారు: ఈ దుంప బంగాళంలో పుట్టిందీ కాదట, సముద్రాలకు అవతల కొండల్లో పుట్టి ఓడలెక్కి వచ్చిందట. పొటాటో అనే మాట కూడా మొదట చిలగడదుంపదేనట, దొరలు పొరపాటున దీనికి తగిలించారట. ఇంకో దేశంలో దీన్ని నేల ఆపిల్ అంటారట. నేను పరిగెత్తుకెళ్ళి ఇదంతా బెంచీ మీద ఒలకబోశాను. నానమ్మ టీ గ్లాసు దించి, "పరాయివాళ్ళు ఏమనుకుంటే మనకెందుకే, మేం మాట్లాడుకునేది ఇంటి విషయం" అంది. అమ్మమ్మ తలూపింది.

వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉండేది ఇంకొక్కప్పుడే, గొళ్ళెం తాత నోరు విప్పినప్పుడు. ఆయన చలిగది తలుపు దగ్గర కాపలా. తలుపుకున్న ఇనప గొళ్ళెం ఆయన చెయ్యి పడితే గానీ కదలదు కాబట్టి ఆ పేరు. "రెండూ కాదమ్మా, దొర్లుతుంది కాబట్టి ఉర్లగడ్డ. మా ఇంట్లో అంతే" అనేవాడు. వెంటనే ఇద్దరూ ఒక్కటై ఆయన మీద పడేవారు. "మీరు గొళ్ళెం చూసుకోండి తాతా!"

ఇక ఆ రోజు సంగతి. నేనప్పుడు అక్కడ లేను, గోడలు పట్టుకుని నడిచే వయసు. అమ్మమ్మ చెప్పిందీ, టీ బాబాయ్ చెప్పిందీ, అమ్మ చెప్పిందీ కలిపి రాస్తున్నాను. నానమ్మ చెప్పింది కూడా కలిపాను గానీ, ఆవిడ సగం ఒప్పుకోదు.

ముందు కోట్ల సంగతి తెలియాలి. చలిగది తలుపు పక్కన గోడకు వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక దూది కోటు. లోపలికి వెళ్ళేవాళ్ళు కోటు తొడుక్కుని వెళ్ళాలి, వచ్చాక అదే మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. మేకులన్నీ నిండుగా ఉంటే లోపల ఎవరూ లేనట్టు. గొళ్ళెం తాత ముఖాలు చూసేవాడు కాదు, మేకులు చూసేవాడు. అప్పటిదాకా ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

కానీ నానమ్మ ఆ కోటు ముట్టుకునేది కాదు. అందరూ తొడిగిన కోట్లవి. చెమట, చుట్ట, తలనూనె అన్నీ కలిసి కొట్టేవి. "నేను ముక్కుతో బతికేదాన్ని. అది తొడిగానంటే సాయంత్రం దాకా నాకు కోటు వాసనే. కుళ్ళెలా తెలుస్తుంది?" అనేది. లోపలికి వెళ్ళినా అలా వెళ్ళి ఇలా వచ్చేసేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు సగం పూటే పని. మర్నాడు సెలవు. తలుపు మూస్తే మళ్ళీ ఎల్లుండి పొద్దున్నే తీసేది. ఏరే బల్లలు కడిగేసరికి అందరి బట్టలూ మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. చివరి బస్తాలు లోపల పెట్టేసి కూలీలు వెళ్ళిపోయారు. గొళ్ళెం తాత లారీకి గేటు తియ్యడానికి వెళ్ళాడు. తలుపు ఇంకా ఓరగా ఉంది. ఆ సందులోంచి వచ్చిన గాలి నానమ్మ ముక్కుకు తగిలింది.

"వెనకాల ఎక్కడో కుళ్ళింది."

"నాకేం రావట్లేదే" అంది అమ్మమ్మ.

"మీకు రాదు. ఇవాళ వదిలేస్తే ఎల్లుండికి వరసంతా పోతుంది." నానమ్మ అలాగే, ఒంటి మీది తడి బట్టలతోనే లోపలికి వెళ్ళింది.

అమ్మమ్మ కోటు కోసం చెయ్యి చాపింది. చాపి, వెనక్కి తీసుకుంది. "ఆవిడకు లేని చలి నాకొచ్చిందా?" అనుకుని తనూ వెనకాలే వెళ్ళింది. కుళ్ళు లేదని నిరూపించడానికి. ఈ ముక్క అమ్మమ్మే నాతో చెప్పింది, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

గొళ్ళెం తాత తిరిగొచ్చాడు. మేకులు చూశాడు. అన్నీ నిండుగా ఉన్నాయి. "ఎవరైనా ఉన్నారా?" అని అలవాటుగా ఒక కేక వేశాడు. లోపల ఫ్యాన్ల హోరు. చిట్టచివరి వరసలో కుళ్ళిందా లేదా అని ఇద్దరు ఆడవాళ్ళు గొంతు చించుకుంటున్నారు. ఆయన కేక వాళ్ళకు చేరలేదు, వాళ్ళ కేకలు ఆయనకు చేరలేదు. బయటున్న స్విచ్చి నొక్కి దీపాలార్పి, తలుపు నెట్టి, గొళ్ళెం దించాడు.

చీకటి ఒక్కసారిగా పడింది.

"ఎవరది దీపం తీసింది?" అంది నానమ్మ.

 ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ వినబడలేదు.

తడుముకుంటూ, బస్తాలు పట్టుకుని తలుపు దాకా వచ్చారు. తలుపు పరుపంత మందం, లోపలంతా చలి ఆపే దూదిలాంటిది కూరి ఉంటుంది. గుద్దితే గుద్దిన చెయ్యికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తలుపు పక్కన గంట బొత్తాం ఒకటి ఉంది. నానమ్మ నొక్కింది. మళ్ళీ నొక్కింది. అది పాడై చాలా రోజులైంది. ఆ సంగతి అందరికీ తెలుసు. బాగుచేయిద్దాంలే అని అందరూ అనుకున్నారు.

"తాతా! ఓ తాతా!" అని ఇద్దరూ అరిచారు. గొంతులు బొంగురుపోయేదాకా అరిచారు.

"ఎల్లుండి దాకా తియ్యరు" అంది అమ్మమ్మ, చిన్న గొంతుతో.

"నోరు ముయ్యండి. కోటు ఎందుకు తెచ్చుకోలేదు మీరు?"

"మీరెందుకు తెచ్చుకోలేదు?"

"నాకు ముక్కుంది. మీకేముందని?"

 అమ్మమ్మ పళ్ళు టకటకా కొట్టుకోవడం నానమ్మకు వినిపించింది. తన పళ్ళే అనుకుందట మొదట.

నానమ్మ బస్తాల మూతులు విప్పసాగింది. గోనెలు ఖాళీ చేసి ఒంటికి చుట్టుకుందామని. వేళ్ళు కొయ్యబారి ముడి పట్టు చిక్కడం లేదు. పళ్ళతో లాగింది. ఒక ముడి ఊడింది, దుంపలు జలజలా నేల మీద పడి చీకట్లో అన్ని వైపులకూ దొర్లాయి. ఇంకో రెండు ఊడాయి. "అటు కదలకండి" అని నానమ్మ అంటూ ఉండగానే అమ్మమ్మ అడుగు వేసింది. కాలి కింద దుంప దొర్లింది. మడమ మెలిపడి, దబ్బున కూలబడింది.

ఆ నొప్పిలో ఆవిడ అన్న మొదటి మాట: "గొళ్ళెం తాతదే రైటు వదినగారూ. ఉర్లగడ్డే."

నానమ్మ నవ్వింది. ఆ చీకట్లో అదే ఆఖరి నవ్వు.

అమ్మమ్మ ఇక లేవలేకపోయింది. లేవకపోతే ఒళ్ళు కదలదు, కదలకపోతే చలి లోపలికి దిగుతుంది. నానమ్మ ఆవిడ తడి బట్టలు పిండి మోకాళ్ళ పైకి మడిచి, కాళ్ళకు ఒక గోనె, భుజాలకు ఒక గోనె చుట్టింది. తనూ ఒకటి చుట్టుకుని, వీపుకు వీపు ఆనించి కూర్చుంది. ఎదురెదురుగా తప్ప అలా కూర్చోవడం వాళ్ళకదే మొదలు.

"నిద్రొస్తోంది" అంది అమ్మమ్మ.

"రాకూడదు. చెప్పండి, ఆలు అంటే ఏంటి?"

"దుంప."

"గడ్డ అంటే?"

"దుంపే... ఎన్నిసార్లడుగుతారు?"

"అంటే దుంపదుంప. పాపం, మీ ఊళ్ళో అందరికీ నత్తి అన్నమాట."

అమ్మమ్మకు కోపం వచ్చింది. కోపంతో పాటు కాస్త గొంతూ వచ్చింది. "మీ బంగాళం ఏ దిక్కునుందో చెప్పండి ముందు. చెయ్యెత్తి చూపించండి."

"చీకట్లో చూపిస్తే మీకేం కనబడుతుంది?"

"పగలు మాత్రం చూపించారా?"

"పోనీ బంగాళం కాదు, బంగళా. బంగళాల్లో ఉండేవాళ్ళు తినే దుంప. అదీ మర్యాద."

"నిన్న ఇంకోటి చెప్పారు..."

"నిన్నటిది నిన్న."

అలా ఒకరు ఎగదోస్తుంటే ఒకరు మండుతూ చాలాసేపు నడిచింది. రాను రాను అమ్మమ్మ జవాబులు పొట్టివయ్యాయి. తర్వాత ఊఁ మాత్రమే మిగిలింది. తర్వాత అదీ లేదు. వీపుకు ఆనిన వీపు బరువెక్కి పక్కకు జారింది.

ఆ సమయానికి బయట టీ బాబాయ్ పొయ్యి ఆర్పుతున్నాడు. అలవాటుగా వాళ్ళ కోసం బెంచీ మీద పెట్టిన రెండు గ్లాసుల్లో టీ చల్లారి మీగడ కట్టింది. సగం పూట కదా, ఇంటికెళ్ళిపోయి ఉంటారనుకున్నాడు. గ్లాసులు కడగబోయి ఆగిపోయాడట. ఎండకీ వానకీ, జ్వరానికీ కూడా ఆగని తగువు అది. ఇంట్లో కాన్పున్నా తగువాడాకే వెళ్ళేవారు. ఇవాళ ఎందుకు లేదు?

మా ఇల్లు వెనక సందులోనే. వచ్చి అమ్మను అడిగాడు. "మీ అత్తగారు వచ్చారామ్మా?"

"లేదే. మా అమ్మతో మీ కొట్టు దగ్గరే ఉన్నారనుకున్నాను" అంది అమ్మ.

 అమ్మ చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. గొళ్ళెం తాత మిగిలిన లారీలు పంపేసి, అప్పుడే గేటుకు తాళం వేసి సైకిలెక్కబోతున్నాడు.

"తాతా, తలుపు తియ్యండి! మా వాళ్ళు లోపలున్నారేమో!"

"లోపల పురుగు కూడా లేదమ్మా. మేకులు చూశాను. కోట్లన్నీ ఉన్నాయి."

"మా అత్తయ్య కోటు తొడగదు తాతా!"

"రెండో ఆవిడ తొడుగుతుందిగా? ఒక్క మేకైనా ఖాళీ లేదే. ఊరికే తలుపు తీస్తే చలంతా పోతుంది, మేస్త్రీ నన్ను తినేస్తాడు."

అప్పుడు టీ బాబాయ్ సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. "నువ్వు మేకులు చూశావు. నేను బెంచీ చూశాను. నా బెంచీ ఖాళీగా ఉంది. తియ్యి."

తాత చేతిలోంచి తాళం చెవి రెండుసార్లు కింద పడిందట. ఒక్క తలుపు వెనక పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఉన్నాయేమోనని మా అమ్మ నోట్లో చెంగు కుక్కుకుని నిలబడింది.

లోపల నానమ్మ అమ్మమ్మ చెంపల మీద కొడుతోంది. గిల్లుతోంది. "ఏయ్! నిద్రపోతున్నావా నువ్వు? లే! నీ కూతురికి నేనేం చెప్పాలి?" అమ్మమ్మకు ఎక్కడో దూరం నుంచి వినిపించిందట. అన్నేళ్ళలో నానమ్మ తనను 'నువ్వు' అనడం అదే మొదలు. బదులు చెప్పాలనుకుంది. నాలుక కదల్లేదు. ఎందుకులే, పడుకుందాం అనిపించిందట.

నానమ్మ తిట్టింది. అమ్మమ్మ ఊరివాళ్ళను తిట్టింది. ఆలు అనే మాటను ఏడు తరాలు తిట్టింది. ఏదీ పనిచెయ్యలేదు. 

ఆ తర్వాత అమ్మమ్మ చెవి దగ్గర ఒక మాట వినబడింది. మెల్లగా, ఎవరో దొంగతనంగా చెప్పినట్టు.

"ఆలుగడ్డ."

అమ్మమ్మ కళ్ళు తెరుచుకున్నాయి.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"అన్నారు. మళ్ళీ అనండి."

"నేనెందుకంటాను? దుంప అన్నాను. బంగాళాదుంప!"

"కాదు! గడ్డ అన్నారు! నేను విన్నాను!"

తలుపు బార్లా తెరుచుకుని దీపాలు వెలిగినప్పుడు తెల్లటి పొగలాంటి చలి మాత్రమే కనబడిందట. మనుషులెవరూ కనబడలేదు.  అప్పుడు బస్తాల వెనక నుంచి రెండు బొంగురు గొంతులు, కప్పలు అరిచినట్టు.

"గడ్డ!"

"దుంప!"

తాత అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేశాడు.

అమ్మమ్మ కాలు బాగవడానికి చాలా రోజులు పట్టింది. నానమ్మ రోజూ ఆసుపత్రికి ఉడికించిన దుంపలు పట్టుకెళ్ళి, తలుపు దగ్గర నుంచే "వదినగారూ, ఎలా ఉన్నారు?" అనేది. 'నువ్వు' మళ్ళీ వినబడలేదు. గంట బొత్తాం బాగైంది. నానమ్మ తన కోటు తనే కుట్టుకుని, దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ళను కడిగిపారేసేది. గొళ్ళెం తాత ఇక మేకులను నమ్మలేదు. తలుపు మూసేముందు తనే కోటు తొడుక్కుని, ప్రతి వరస చివరిదాకా నడిచి కేక వేసేవాడు: "దుంపా, గడ్డా, ఎవరైనా ఉన్నారా?" ఆయన తర్వాత వచ్చిన మనిషి కూడా అదే కేక వేస్తాడు. ఎందుకని అడిగితే, ఇక్కడ అలాగే అనాలట అంటాడు.

అమ్మమ్మ ఇప్పటికీ ఎవరు దొరికినా చెబుతుంది, నానమ్మ ఆ రోజు ఆలుగడ్డ అందని. నానమ్మ ఇప్పటికీ లేదంటుంది.

ఇదంతా రాసి నిన్న వంటింట్లో ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ బుట్టలో దుంపలు ఏరుతూనే వింది. పూర్తయ్యాక దగ్గరగా జరిగి అడిగాను. "నిజం చెప్పు నానమ్మా, అన్నావా లేదా? ఎవరికీ చెప్పనులే."

నానమ్మ నా ముందుకు బుట్ట తోసింది.

"చలికి పళ్ళు కొట్టుకుంటే నోట్లోంచి నానా చప్పుళ్ళూ వస్తాయి. అవన్నీ మాటలా? రాసింది చాలు గానీ, ఆ దుంపలు తొక్క తియ్యి."